విరిగింది సరే, ఎందుకు విరిగింది?

నాలుగేళ్ల కిందటి మే నెల. తెల్లవారుజామున పుట్టపర్తిలో బయల్దేరాల్సిన వాళ్లం పనులు తెమలక మధ్యాహ్నం పన్నెండుకు కదిలాం. బెంగళూరులో విమానం అందుకోవాలి కాబట్టి తొందర. గోరంట్ల దాటాక బండి హీటు ముల్లు పైకి లేచింది. ఏసీ కట్టేసి కిటికీలు దించాం. అయిదు నిమిషాలకు ముల్లు దానంతటదే కిందికి దిగింది. చల్లబడిందని ఊపిరి పీల్చుకుని మళ్లీ వేగం పెంచాను. కొడికొండ చెక్‌పోస్టు ఇంకా రాకముందే పికప్ పోయింది, బానెట్ సందుల్లోంచి ఆవిరి పొగ లేచింది, బండి ఆగిపోయింది.

హెడ్ గ్యాస్కెట్ పోయిందన్నారు ఒక వర్క్‌షాపులో. హెడ్ విప్పి, లేత్‌కు పంపి ఫేసింగ్ చేయించి, కొత్త గ్యాస్కెట్ వేసి బిల్లు ఇచ్చారు. పది నెలలు బాగానే నడిచింది. మళ్లీ మార్చి ఎండలు మొదలయ్యేసరికి అదే రోడ్డు మీద, అదే కథ. ఈసారి ఇంజన్ పూర్తిగా జామ్ అయింది.

రెండోసారి బండిని కొత్తచెరువు దారిలో ఒక షెడ్డుకు తోలించాను. అక్కడి పెద్దాయన అరగంట దాకా స్పానర్ ముట్టుకోలేదు. చుట్టూ తిరిగి చూశాడు. రేడియేటర్ మూత విప్పి లోపలి రబ్బరును వేలితో తడిమాడు. తర్వాత అడిగాడు: “ఏం నీళ్లు పోస్తాన్నారు సార్ దీనికి?”

“ఇంట్లో బోరు నీళ్లేనన్నా.”

ఆయన రేడియేటర్ దింపించి పక్క ట్యాంకు ఊడదీయించాడు. లోపలి సన్న గొట్టాల మూతుల దగ్గర సున్నం లాంటి తెల్లటి పొర గట్టిగా పట్టి ఉంది. సగం గొట్టాల్లో సూది కూడా దూరదు. “గ్యాస్కెట్టు ఏం జేసింది సార్? అది కాలింది. కాల్చింది ఇది,” అన్నాడు.

మొదటి వర్క్‌షాపు వాళ్లు అబద్ధం చెప్పలేదు. గ్యాస్కెట్ పోయిన మాట నిజమే. కానీ వాళ్లు చెప్పింది ఏది విరిగిందో. ఎందుకు విరిగిందో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఈ రెండు ప్రశ్నల మధ్య తేడా తెలియకపోవడానికి నేను రెండు ఇంజన్ బిల్లులు కట్టాను. మన శ్రీ సత్యసాయి జిల్లాలో ఏటా ఇలా కట్టేవాళ్లు ఎందరో, అందుకే ఈ వ్యాసం.

టొయోటా కంపెనీ ఇంజనీరు తైచీ ఓనో తన ఉత్పత్తి విధానం గురించి 1978లో రాసిన పుస్తకంలో ఒక ఉదాహరణ ఇచ్చాడు. యంత్రం ఆగింది. ఎందుకు? ఫ్యూజు కాలింది. ఫ్యూజు ఎందుకు కాలింది? లోడు ఎక్కువైంది. లోడు ఎందుకు పెరిగింది? బేరింగుకు ఆయిల్ అందలేదు. ఎందుకు అందలేదు? పంపు సరిగా తోడటం లేదు. ఎందుకు? పంపు ఇరుసు అరిగిపోయింది. ఇరుసు ఎందుకు అరిగింది? పంపుకు జల్లెడ లేదు, లోహపు రజను లోపలికి పోయింది. ఫ్యూజు మార్చి వదిలేస్తే యంత్రం నాలుగు రోజులు నడిచి మళ్లీ ఆగుతుంది. జల్లెడ పెడితే ఆగదు. కారు ఇంజన్ విషయంలో మన ఊళ్లలో జరిగే రిపేర్లలో ఎక్కువ భాగం ఫ్యూజు దగ్గరే ఆగిపోతున్నాయి.

నీళ్ల సంగతితోనే మొదలుపెడతాను, మన నేలకు అదే పెద్దది. అనంతపురం పీఠభూమిలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. చెరువులు నిండేది ఎప్పుడో ఒకసారి. తాగడానికీ వాడటానికీ బోర్లే గతి. ఆ బోరు నీళ్లలో ఫ్లోరైడ్, సున్నపు లవణాలు ఎక్కువ. ఈ కష్టం చూసే 1990ల నడుమ సత్యసాయి తాగునీటి పథకం కట్టారు, అప్పటి అనంతపురం జిల్లాలో ఏడు వందలకు పైగా గ్రామాలకు నీళ్లు అందాయి. అంటే మనిషి ఒంటికి ఈ నీళ్లు పడవని మనకు ముప్పై ఏళ్ల కిందటే తెలుసు. ఎముకలకు మంచిది కాదని పక్కనపెట్టిన ఆ నీళ్లనే బండి రేడియేటర్లో మగ్గుతో పోస్తున్నాం.

లోపల జరిగేది చూడండి. ఇంజన్‌లో నీళ్లు మామూలుగా 85 నుంచి 100 డిగ్రీల మధ్య తిరుగుతుంటాయి. రేడియేటర్ మూత వట్టి మూత కాదు, ఒక వాల్వు. బయటి గాలి కంటే సుమారు ఒక బార్ ఎక్కువ ఒత్తిడి దాకా లోపలి నీటిని పట్టి ఉంచుతుంది. ఆ ఒత్తిడిలో మామూలు నీళ్లు కూడా 120 డిగ్రీల దరిదాపుల్లో గానీ మరగవు. మూత రబ్బరు పగిలితే ఈ రక్షణ పోయినట్టే. నీళ్లు వందకే మరిగి, ఆవిరై, పొంగి బయటికి పోతాయి. చవకైన చిల్లర సామాను అది. బండి హీటయిందని వచ్చిన ఎన్ని ఇంజన్లకు మొదట ఆ మూత పరీక్ష చేస్తున్నారో మీ మెకానిక్‌ని అడిగి చూడండి.

బోరు నీళ్లలోని లవణాలు వేడికి విడిపోయి గొట్టాల గోడలకు పొరలా పడతాయి. టీ కాచే గిన్నె అడుగున పట్టే తెల్లటి చార ఏమిటో ఇదీ అదే. ఆ పొర వేడిని దాటనివ్వదు, దారిని సన్నం చేస్తుంది. చలికాలంలో బండికి తేడా తెలియదు. మేలో 42 డిగ్రీల ఎండలో, ఏసీ వేసి, నలుగురు ఎక్కి, ఎత్తు రోడ్డు ఎక్కించినప్పుడు తెలుస్తుంది. కూలెంట్ అంటే రంగు నీళ్లు అనుకునేవాళ్లున్నారు. అందులో ఉండే గ్లైకాల్ మరిగే వేడిని పెంచుతుంది, తుప్పు పట్టనివ్వని మందులు అల్యూమినియం హెడ్‌ను కాపాడతాయి. దాన్ని కలపాల్సింది లవణాలు తీసేసిన నీటితో. బ్యాటరీకి వాడే డిస్టిల్డ్ వాటర్ ప్రతి ఊళ్లో దొరుకుతుంది.

నేను చేసిన అసలు తప్పు ముల్లును నమ్మడం. వేడిని కొలిచే సెన్సర్ నీళ్లలో మునిగి ఉన్నంతవరకే సరైన లెక్క చెబుతుంది. నీళ్లన్నీ బయటికి పోయి దాని చుట్టూ ఆవిరీ గాలీ మిగిలితే లెక్క తప్పుతుంది, ముల్లు పడిపోతుంది. అంటే ముల్లు ఎగిరి, తర్వాత ఏ కారణమూ లేకుండా దిగిందంటే చల్లబడినట్టు కాదు, నీళ్లు అయిపోయినట్టు. ఇప్పటి కార్లు చాలావాటిలో ముల్లు కూడా లేదు, ఎర్ర దీపం ఒక్కటే. అది వెలిగిన తర్వాత పక్కకు తీసి ఆపడం మినహా డ్రైవరు చేయాల్సింది ఏమీ లేదు. వేడి మీద మూత విప్పితే మొహం కాలుతుంది.

నీళ్ల వల్ల పోయిన ఇంజన్ విప్పితే ఆనవాళ్లు వేరుగా ఉంటాయి. హెడ్ వంగుతుంది. అల్యూమినియం వేడికి పోత ఇనుము కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది కాబట్టి ఇనుప బ్లాకు మీద బిగించిన అల్యూమినియం హెడ్‌కు వంకర తప్పదు. స్కేలు ఆనించి సందులో ఫీలర్ గేజి పెట్టి చూస్తే 0.05 మిల్లీమీటర్ల తేడా కూడా లెక్కే. గ్యాస్కెట్ రెండు సిలిండర్ల మధ్య సన్న గోడ దగ్గర కాలి తెగుతుంది. అప్పుడు కంప్రెషన్ పరీక్షలో పక్కపక్కనున్న రెండు సిలిండర్లలో ఒత్తిడి పడిపోయి ఉంటుంది. పిస్టన్ సిలిండర్ కంటే ఎక్కువ ఉబ్బి నాలుగు మూలలా గీసుకుపోతుంది. ఇవి కనిపిస్తే వెతకాల్సింది నీళ్ల దారిలో: మూత, రేడియేటర్, థర్మోస్టాట్, వాటర్ పంపు, ఫ్యాన్, ఫ్యాన్ ఫ్యూజు. అన్నీ చూశాకే కొత్త గ్యాస్కెట్ వేయాలి.

ఇక ఆయిల్. షెడ్డులో ఆ పెద్దాయన పాత న్యూస్‌పేపర్ పరిచి దాని మీద వరసగా బేరింగులు పెట్టి చూపించాడు. అరచేతిలో పట్టేంత అర్ధచంద్రాకారపు రేకు ముక్కలు. కనెక్టింగ్ రాడ్‌కూ క్రాంక్ షాఫ్ట్‌కూ మధ్య ఉండేవి ఇవే. మంచి బేరింగ్ లోపలి ముఖం బూడిద రంగులో సమంగా, మెత్తగా ఉంటుంది. ఒకటి నల్లబడి నీలం రంగు తిరిగింది, పై పొర తుడిచేసినట్టు పక్కకు లాగేసి ఉంది. “ఇది ఆయిల్ అందక సచ్చింది,” అన్నాడు. పక్కదాని మీద సన్నని గీతలు, చుట్టూ వృత్తాల్లా. ఒకచోట ఇనుప రవ్వ గుచ్చుకుని మెరుస్తోంది. “ఇది మట్టి తిని సచ్చింది.” రెండూ ఒకే రకం చప్పుడుతో ఆగిన ఇంజన్లే. బయటి నుంచి చూస్తే తేడా లేదు.

క్రాంక్‌కూ బేరింగ్‌కూ మధ్య సందు తల వెంట్రుక మందం కంటే తక్కువ, మిల్లీమీటరులో వందో వంతుల లెక్క. ఆ సందులో ఆయిల్ పొర నిలబడినంతసేపే లోహం లోహానికి తగలకుండా తిరుగుతుంది. ఆయిల్ తక్కువైనా, పాతబడి జిగట పోయినా, పంపు జల్లెడకు బురద పట్టినా, ఆ పొర తెగుతుంది. కొన్ని సెకన్లు చాలు. డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ దీపం వెలిగితే “ఊరికి పోయి చూపిద్దాం” అనడానికి లేదు. ఆ దీపం ఆయిల్ ఎంత ఉందో చెప్పదు, ఒత్తిడి పోయిందని చెబుతుంది. వెలిగిన చోటే ఆపాలి.

బండి ఆయిల్ తింటోందంటే అది ఎటు పోతోందో కూడా వెతకాలి. కింద మరక ఉంటే లీకు. సైలెన్సర్లో నీలం పొగ ఉంటే సిలిండర్లో కాలుతోంది, అంటే రింగులో వాల్వు సీళ్లో. తెల్లటి తీపి వాసన పొగ అయితే కూలెంట్ లోపలికి దిగుతోంది. ఆయిల్ మూత కింద పాలమీగడలా కనిపిస్తే నీళ్లూ ఆయిలూ కలుస్తున్నాయి. నల్ల పొగ ఇంధనం ఎక్కువై గాలి తక్కువైందని చెబుతుంది. ఈ నాలుగు రంగులు పాత మెకానిక్కుల చదువు. స్కానర్లు వచ్చాక కూడా వాటి విలువ తగ్గలేదు.

డీజిల్ బండ్లకు ఇంకో కొత్త చిక్కు ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ కార్లలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది నిండినప్పుడు ఇంజన్ అదనంగా డీజిల్ చిమ్మి, సైలెన్సర్ వేడిని 600 డిగ్రీల దాకా పెంచి మసిని కాల్చేస్తుంది. దానికి హైవే మీద ఆగకుండా నడక కావాలి. బెంగళూరు విమానాశ్రయానికి రోజూ తిరిగే టాక్సీలకు ఇబ్బంది లేదు. పుట్టపర్తి ఊళ్లోనే నాలుగు వీధులు తిరిగే బండికి ఆ పని మధ్యలో ఆగిపోతుంటుంది. కాలని డీజిల్ గోడల వెంట జారి ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద మట్టం పెరుగుతుంది. తగ్గితే కంగారు పడతాం కానీ పెరిగితే పట్టించుకోం. పెరిగిన ఆయిల్ పల్చబడిన ఆయిల్, అది బేరింగులను కాపాడలేదు.

మరి తప్పు బండి వాడినవాడిది కాక, చేసినవాడిది అయితే? ఈ ప్రశ్న మన జిల్లాకు దూరపుది కాదు. పుట్టపర్తికి దగ్గర్లోనే, పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కియా కర్మాగారం ఉంది. 2017లో ఒప్పందం కుదిరింది, 2019లో కార్లు బయటికొచ్చాయి. ఎండిన చేలలో కంపెనీ బస్సులు తిరగడం ఈ ప్రాంతానికి పెద్ద మార్పు, వేలమంది పిల్లలకు బతుకుదెరువు. ఇప్పుడు చెప్పబోయే ఇంజన్లు ఇక్కడివి కావు, ఈ కర్మాగారం పుట్టకముందు అమెరికా మార్కెట్లో అమ్మినవి. అయినా ఇంజన్ ఎందుకు పోయిందన్న ప్రశ్న మీద ఇంతకంటే పెద్ద పాఠం ఈ మధ్య కాలంలో లేదు.

హ్యుందాయ్, కియా సంస్థల థీటా-2 అనే పెట్రోలు ఇంజన్లు అమెరికాలో రోడ్ల మీద ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలైంది. కారణం క్రాంక్ షాఫ్ట్ తయారీలో మిగిలిపోయిన లోహపు రజను. అది ఆయిల్ దారులకు అడ్డుపడి కనెక్టింగ్ రాడ్ బేరింగులకు ఆయిల్ అందకుండా చేసింది. 2015 సెప్టెంబరులో హ్యుందాయ్ నాలుగు లక్షల డెబ్బై వేల కార్లను వెనక్కి పిలిచింది. 2017లో రెండు సంస్థలూ కలిపి మరో పన్నెండు లక్షల దాకా పిలిచాయి. మొదటిసారే పూర్తిగా ఎందుకు పిలవలేదని అమెరికా రోడ్డు భద్రతా సంస్థ విచారించింది. 2020 నవంబరులో రెండు సంస్థల మీదా కలిపి 21 కోట్ల డాలర్ల జరిమానా ఒప్పందం కుదిరింది. ఈ సంగతి బయటపెట్టినది హ్యుందాయ్‌లోనే ఇరవై ఆరేళ్లు పనిచేసిన ఇంజనీరు కిమ్ గ్వాంగ్ హో. ఆయన ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 2021లో అదే అమెరికా సంస్థ ఆయనకు రెండు కోట్ల నలభై లక్షల డాలర్లకు పైగా బహుమానం ఇచ్చింది.

దీనిలో నాకు ముఖ్యంగా తోచేది ఒక చిన్న సంగతి. తర్వాత ఆ సంస్థలు కార్లలో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాయి. ఇంజన్‌లో అప్పటికే ఉన్న నాక్ సెన్సర్‌తోనే బేరింగ్ పోబోయే ముందు వచ్చే అదురును పసిగట్టి, డ్రైవరును హెచ్చరించి వేగం తగ్గించే ఏర్పాటు అది. అంటే చావుకు ముందు ఇంజన్ మాట్లాడుతుంది, వినేవాడుంటే. టొయోటా కూడా 2024లో అమెరికాలో లక్షకు పైగా టండ్రా, లెక్సస్ బండ్లను వెనక్కి పిలిచింది. కారణం మళ్లీ తయారీలో మిగిలిన రజనే. ఓనో చెప్పిన జల్లెడ పాఠం ఆ కంపెనీకే మళ్లీ అవసరమైంది.

కాబట్టి ఒకే మోడల్, ఒకే ఏడాది బండ్లు వరసగా ఒకేలా పోతుంటే అనుమానం ఫ్యాక్టరీ వైపు తిప్పాలి. ఒక్క బండి పోతే ముందు నీళ్లు, ఆయిల్, గాలి, ఇంధనం చూడాలి. ఈ వరస తప్పితే అమాయకుడికి శిక్ష పడుతుంది, ఒక్కోసారి కంపెనీకి, ఎక్కువసార్లు వాడినవాడికి.

గాలి సంగతి మన పీఠభూమిలో ప్రత్యేకం. వేసవి సుడిగాలుల్లో ఎర్రమట్టి దుమ్ము ఎత్తుకు లేస్తుంది. ఆ దుమ్ములో ఉండే ఇసుక రేణువు లోహం కంటే గట్టిది. గాలి ఫిల్టర్ చిరిగినా, పెట్టె క్లిప్పు సరిగా పడకపోయినా అది నేరుగా సిలిండర్లోకి పోతుంది. మొదట పై రింగు అరుగుతుంది, తర్వాత సిలిండర్ పై భాగం. పంచర్ షాపులో గాలి గొట్టంతో దగ్గర్నుంచి ఊదించడం మనకు అలవాటు. ఆ వేగానికి కాగితంలో కంటికి కనిపించని చిల్లులు పడతాయి. బయటికి శుభ్రంగా ఉంటుంది, లోపలికి జల్లెడగా మారుతుంది. దుమ్ము వల్ల పోయిందో లేదో ఆయిల్ పరీక్షలో తేలుతుంది. సిలికాన్ పాళ్లు పెరిగి, దానితో పాటు ఇనుము, అల్యూమినియం కూడా పెరిగి ఉంటే దుమ్ము తిన్నట్టే.

కరువు సీమలో నీళ్లలో మునిగి ఇంజన్ పోవడం వింతగా అనిపించొచ్చు. 2021 నవంబరు ఎవరూ మరిచిపోలేదు. ఎండిన ఇసుకగా చూసిన చిత్రావతి నది ఒడ్లు ఒరుసుకుని పారింది. ఆ నెల 19న జిల్లాలో చిత్రావతి ప్రవాహంలో చిక్కుకున్న పదిమందిని వాయుసేన ఎంఐ-17 హెలికాప్టర్ కాపాడింది. ఆ వానల్లో వంకలు దాటుతూ ఎన్నో బండ్లు ఆగిపోయాయి. నీటిని నొక్కడం కుదరదు. గాలి దారిలో నీళ్లు సిలిండర్లోకి దిగితే పైకొచ్చే పిస్టన్‌కు రాతిగోడ అడ్డుపడినట్టే. కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఒక్కోసారి కొద్దిగా వంగి, బండి ఎండాక మళ్లీ స్టార్టయి, నెలల తర్వాత విరిగి బ్లాకును పగలగొట్టి బయటికొస్తుంది. అప్పుడు వానను ఎవరూ తలుచుకోరు. విప్పినప్పుడు సిలిండర్ గోడ మీద మసి గీత పక్క సిలిండర్ల కంటే కిందికి జరిగి ఉంటే, ఆ రాడ్ పొట్టిదయిందని అర్థం. నీళ్లలో ఆగిన బండికి సెల్ఫ్ కొట్టకండి, కొట్టిన ఆ ఒక్క తిప్పే రాడ్‌ను వంచుతుంది. బీమా కంపెనీలు సాధారణ పాలసీలో దీన్ని పర్యవసాన నష్టమంటూ తోసిపుచ్చేది కూడా అందుకే. ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు పాలసీ ఉందో లేదో మీ కాగితాల్లో ఇవాళే చూసుకోండి.

ఈ మధ్య ఇంజన్ ఏ కారణంతో పోయినా ఇథనాల్ మీద పడుతున్నారు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలును 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో మొదలుపెట్టారు, 2025కల్లా దేశమంతా వచ్చింది. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ కాబట్టి మైలేజీ కొంత పడటం సహజం. పాత బండ్లలో రబ్బరు గొట్టాలు, సీళ్లు గట్టిపడటం, నీటిని పీల్చుకున్న ఇంధనం ట్యాంకు అడుగున వేరుపడటం నిజమైన సమస్యలే, వాటిని కొట్టిపారేయకూడదు. కానీ ఇవి నెమ్మదిగా ముదిరేవి: స్టార్టింగు ఇబ్బంది, వెలితిగా నడవడం, ఇంధనపు లీకు. నిన్నటిదాకా బాగున్న ఇంజన్ ఒక్కసారిగా బేరింగ్ కొట్టేసి జామ్ అయితే ఇథనాల్‌ను తిట్టి నీళ్లనూ ఆయిల్‌నూ వదిలేయడం తప్పు. పెట్రోలు మీద అనుమానం ఉంటే బంకులోనే ఫిల్టర్ పేపర్ పరీక్ష అడిగే హక్కు మనకుంది. ఒక చుక్క వేస్తే మరక లేకుండా ఆరిపోవాలి.

చిన్న టర్బో పెట్రోలు ఇంజన్లకు మరో జబ్బు ఉంది. తక్కువ వేగంలో పై గేరు వేసి బలంగా తొక్కితే ప్లగ్గు మండించకముందే ఇంధనం అంటుకుని పిస్టన్ రింగుల మధ్య గట్టు పెళుసుగా విరుగుతుంది. దీనికి ఆయిల్ రసాయనానికీ సంబంధం ఉందని తేలాకే 2018లో ఎస్ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ గ్రేడులు వచ్చాయి. మీ టర్బో బండికి ఆయిల్ డబ్బా మీద ఆ అక్షరాలు చూసి పోయించండి. టైమింగ్ బెల్టు తెగిన ఇంజన్ సంగతి తేలిక, పిస్టన్ తల మీద వాల్వులు గుద్దిన చంద్రవంకలు కనిపిస్తాయి, వాదనకు చోటుండదు.

స్కానర్ గురించి. ఇప్పుడు ప్రతి షెడ్డులోనూ ఒకటి ఉంది, ఫోనుకు తగిలించుకునేవీ ఉన్నాయి. పీ0300 అంటే సిలిండర్లు సరిగా మండటం లేదు, పీ0217 అంటే ఇంజన్ మితిమీరి వేడెక్కింది, పీ0524 అంటే ఆయిల్ ఒత్తిడి పడిపోయింది. ఇవన్నీ జ్వరమాని చెప్పే మాటలే తప్ప జ్వరం ఎందుకొచ్చిందో చెప్పవు. కోడు చూసి సామాను మార్చేవాడు మెకానిక్ కాదు. దాని తర్వాత కంప్రెషన్ పరీక్ష చేయాలి. తక్కువగా ఉన్న సిలిండర్లో కొంచెం ఆయిల్ పోసి మళ్లీ చూస్తే ఒత్తిడి పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులో గ్యాస్కెట్టో. ఇంకా కచ్చితం కావాలంటే సిలిండర్లోకి గాలి ఎక్కించి చెవి పెట్టి వినాలి. బుస ఆయిల్ మూతలోంచి వస్తే రింగులు, సైలెన్సర్లోంచి వస్తే ఎగ్జాస్ట్ వాల్వు, గాలి ఫిల్టర్ వైపు వస్తే ఇన్‌టేక్ వాల్వు, రేడియేటర్లో బుడగలు లేస్తే గ్యాస్కెట్. ఇంజన్ విప్పకుండానే జబ్బు చోటు తెలిసిపోతుంది. ఈ పరీక్షకు కావాల్సినవి గాలి కంప్రెసరు, ఒక చిన్న పరికరం, గంట ఓపిక. మూడోదే కరువు.

నిర్ధారణ సరిగా లేకపోతే చట్టం కూడా సాయపడలేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 38వ సెక్షన్ ప్రకారం వస్తువులో లోపం పరీక్ష లేకుండా తేల్చలేనిదైతే జిల్లా కమిషన్ దాన్ని తగిన ల్యాబుకు పంపి నలభై అయిదు రోజుల్లో నివేదిక కోరవచ్చు. 2006లో మారుతీ ఉద్యోగ్, సుశీల్ కుమార్ గబ్‌గోత్రా కేసులో సుప్రీంకోర్టు వారంటీ ప్రకారం కంపెనీ బాధ్యత లోపమున్న భాగాన్ని బాగుచేయడమో మార్చడమో తప్ప మొత్తం బండిని మార్చడం కాదని చెప్పింది. లోపం ఎక్కడుందో చూపించాల్సిన భారం ఫిర్యాదు చేసినవాడి మీదే పడుతుంది. ఇంజన్ విప్పి, కడిగి, పాత సామాను తుక్కుకు వేశాక చూపించడానికి ఏమీ మిగలదు. చాలామంది ఓడిపోయేది ఇక్కడే.

అందుకే రెండు విన్నపాలు. మొదటిది బండి ఉన్నవాళ్లకు: ఇంజన్ పోయిన రోజే, ఎవరూ చేయి పెట్టకముందు, ఆఖరి పది నిమిషాల్లో ఏం జరిగిందో కాగితం మీద రాసుకోండి. ఏ దీపం వెలిగింది, ముల్లు ఎటు కదిలింది, చప్పుడు ముందా పొగ ముందా. కిలోమీటర్లు, ఆయిల్ మార్చిన రసీదులు పక్కన పెట్టండి. విప్పేటప్పుడు దగ్గరుండి ఫొటోలు తీయండి. తీసిన ఆయిల్లో ఒక సీసాడు దాచండి. బేరింగులు, గ్యాస్కెట్, పిస్టన్లు కడగకుండా సంచిలో కట్టి ఇంటికి తెచ్చుకోండి.

రెండోది జిల్లా యంత్రాంగానికి. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది, పుట్టపర్తి కేంద్రమైంది. ఊరి చుట్టూ టాక్సీల మీద బతికే కుటుంబాలు వందల్లో ఉన్నాయి, 2025 సత్యసాయి బాబా శతజయంతి నాటి రద్దీ చూసినవాళ్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. టాక్సీ ఇంజన్ పోతే ఆ ఇంటి పొయ్యి ఆగినట్టే. అనంతపురంలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల ఉంది, అందులో మెకానికల్ విభాగం ఉంది. ఆయిల్ పరీక్ష, విరిగిన భాగాల పరీక్ష తక్కువ రుసుముకు చేసి సంతకంతో నివేదిక ఇచ్చే ఏర్పాటు అక్కడ చేయిస్తే వినియోగదారుల కమిషన్‌కూ, బీమా సర్వేయరుకూ, మెకానిక్‌కూ, బండివాడికీ ఒకే కాగితం మీద మాట్లాడుకునే వీలు కలుగుతుంది.

నా పాత రేడియేటర్ ఇప్పటికీ ఆ షెడ్డు గోడకు వేలాడుతోంది. బోరు నీళ్లు పోస్తున్నామని చెప్పిన ప్రతివాళ్లకూ పెద్దాయన దాన్నే దించి చూపిస్తున్నాడు.